ఒకే కంప్యూటర్లో మాగ్నిఫయర్, స్క్రీన్ రీడర్: నా అనుభవం

కొద్దోగొప్పో చూపు ఉన్నవాళ్లకి కంప్యూటర్ విషయంలో సలహాలకి కొదవుండదు. "అక్షరాలు పెద్దవి చేసుకుంటే సరిపోతుంది కదండీ" అని కొందరంటారు. "కళ్లని ఎందుకు కష్టపెడతారు, స్క్రీన్ రీడర్ నేర్చేసుకోండి" అని మరికొందరు. నేను రెండూ కలిపే వాడతాను. తెరని పెద్దది చేసి చూపించే మాగ్నిఫయర్ ఒకటి, అది విండోస్‌తో పాటే వస్తుంది. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఒకటి. ఎన్‌వీడీఏని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, కొద్దికాలానికే జేమ్స్ టే జతకలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. ఇప్పటికీ అది ఉచితమే.

చిక్కల్లా ఒక్కటే. ఈ రెండు ప్రోగ్రాములకీ ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలీదు. గొంతు పేజీ కింద చదువుతుంటే తెర పైనే నిలబడి ఉంటుంది. కంటికి కనిపించేది ఒకటి, చెవికి వినిపించేది ఇంకొకటి అయితే పది నిమిషాల్లో తల పట్టేస్తుంది. అందుకని ఏది ముందు నడవాలో, ఏది దాని వెనక రావాలో ముందే తేల్చుకోవాలి. నా పద్ధతిలో కీబోర్డు ముందు నడుస్తుంది, గొంతు దాన్ని అంటిపెట్టుకుని వస్తుంది, పెద్దదైన తెర చివర్న చేరుతుంది. చదవడం చెవి పని. ఎక్కడున్నామో చూసుకోవడం, సంతకం, ఫొటో, ముద్ర, పటం లాంటివి పరికించడం కంటి పని.

మాగ్నిఫయర్ శాతం ఎంత తక్కువలో పని జరిగిపోతే అంత సుఖం. 200 శాతం పెడితే తెరలో నాలుగో వంతే కనిపిస్తుంది. 400 పెడితే పదహారో వంతు. అంటే 1920 బై 1080 తెర మీద 480 బై 270 చుక్కల ముక్క. ఆ ముక్కని అటూ ఇటూ తిప్పుకుంటూ వాక్యం చదవడమంటే, లైను చివరికి వెళ్లేసరికి మొదలు మర్చిపోవడమే. కాబట్టి మాగ్నిఫయర్ జోలికి వెళ్లకముందే పెద్దవి చేయగలిగినవన్నీ పెద్దవి చేసుకోవాలి.

అన్నిటికన్నా ముందు మానిటర్. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌కి 24 అంగుళాల మానిటర్ తగిలిస్తే, రెండూ ఫుల్ హెచ్‌డీ అయినా, ప్రతి అక్షరం ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. దాన్ని మోసే ఆర్మ్ ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే మనం వంగకుండా మానిటరే మొహం దగ్గరికి వస్తుంది. మెడనొప్పి సగం అక్కడే పోతుంది. కొనేముందు మానిటర్ వెనకాల నాలుగు స్క్రూ రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. 75 లేదా 100 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటాయి. చవక మోడళ్లలో కొన్నిటికి అసలు ఉండవు. అద్దం పరిచిన టేబులుకి ఆర్మ్ క్లాంపు బిగించొద్దు, అద్దం పగులుతుంది.

విశాఖలో ఇంకోటి చూసుకోవాలి. సముద్రం తూర్పున ఉంది కాబట్టి లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు ఇళ్లలో పొద్దున్న ఎండ నీళ్ల మీద పడి కిటికీలోంచి తెల్లగా కొడుతుంది. మానిటర్ కిటికీకి ఎదురుగా ఉన్నా, కిటికీ మానిటర్ వెనకాల ఉన్నా కష్టమే. కిటికీ పక్కకి వచ్చేలా టేబులు తిప్పేసుకోండి. వెలుగు తగ్గితే జూమ్ ఒక మెట్టు తగ్గించుకోవచ్చు. నాకైతే ఈ తేడా ఏ సెట్టింగ్ వల్లా రాలేదు.

తర్వాత సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే స్కేల్ 150 శాతం పెట్టాలి. అదీ చాలకపోతే యాక్సెసిబిలిటీలో టెక్స్ట్ సైజు ఉంటుంది, 225 శాతం దాకా పెరుగుతుంది. బ్రౌజర్లో కంట్రోల్ ప్లస్ నొక్కితే క్రోమ్‌లో 500 శాతం దాకా వెళ్తుంది. దీనికీ మాగ్నిఫయర్‌కీ తేడా ఏమిటంటే, బ్రౌజర్ జూమ్‌లో పద్ధతిగా కట్టిన సైటు వాక్యాలని తెర వెడల్పులోకి మడుచుకుంటుంది. పక్కకి జరపక్కర్లేదు, కిందకి దిగితే చాలు. వర్డ్‌లో ఆ సుఖం వెబ్ లేఅవుట్‌లో దొరుకుతుంది. ఇవన్నీ అయ్యాక మిగిలిన లోటుకే మాగ్నిఫయర్. 150 శాతం స్కేలు మీద మాగ్నిఫయర్ 200 శాతం పెడితే మొత్తం మూడు రెట్లు వచ్చినట్టు.

అందరికీ ఇదే లెక్క సరిపోదు. చుట్టూ చూపు తగ్గి మధ్యలో మాత్రమే మిగిలినవాళ్లకి పెద్దది చేసేకొద్దీ కనిపించేది తగ్గిపోతుంది. వాళ్లు తక్కువ జూమ్, ఎక్కువ గొంతు పెట్టుకోవాలి. మధ్య చూపు పోయినవాళ్ల సంగతి వేరు. మీది ఏ కోవో తెలీకపోతే లో విజన్ విభాగం ఉన్న కంటి ఆసుపత్రిలో ఒకసారి కొలిపించుకోవడం మంచిది. విశాఖలో హనుమంతవాక దగ్గరి ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి అలాంటిది.

ఇక మాగ్నిఫయర్. విండోస్ కీతో ప్లస్ నొక్కితే మొదలవుతుంది, మైనస్‌తో తగ్గుతుంది, విండోస్ కీ ఎస్కేప్‌తో ఆగిపోతుంది. దాని సెట్టింగ్స్‌కి విండోస్, కంట్రోల్, ఎమ్. మెట్టుకి 100 శాతం చొప్పున పెరిగేలా వస్తుంది, దాన్ని 25కో 50కో తగ్గించండి. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్ అంటే తెరంతా పెద్దది, ఎల్ అంటే భూతద్దంలాగా మౌస్ వెంట తిరిగే చిన్న పెట్టె, డీ అంటే తెర పైభాగంలో అతికించిన పట్టీ. స్క్రీన్ రీడర్‌తో కలిపి వాడేటప్పుడు నేను ఎక్కువగా వాడేది మొదటిది. ఎక్సెల్‌లో మాత్రం పట్టీ బాగుంటుంది. పైన మనమున్న గడి పెద్దగా, కింద షీటు మామూలుగా ఉంటాయి.

ఆ సెట్టింగ్స్ పేజీలోనే అసలు మర్మం ఉంది. మాగ్నిఫయర్ వేటి వెంట వెళ్లాలో నాలుగు పెట్టెలు ఇస్తాడు: మౌస్ పాయింటర్, కీబోర్డు ఫోకస్ (మనం నొక్కే కీ ఏ బటన్‌కి, ఏ పెట్టెకి చేరుతుందో ఆ చోటు), టెక్స్ట్ కర్సర్, నేరేటర్ కర్సర్. మొదటి మూడూ టిక్కు పెట్టేసి వదిలేస్తే గొడవ మొదలవుతుంది. మీరు టైప్ చేస్తుంటారు, తెర కర్సర్ వెంట ఉంటుంది. అరచేయి టచ్‌ప్యాడ్‌కి తగులుతుంది, లేదా నున్నటి టేబులు మీద మౌస్ తనంతట తానే కొంచెం వణుకుతుంది. అంతే, తెర ఎగిరి మౌస్ ఉన్న మూలకి పోతుంది. గొంతు మాత్రం టైప్ చేసిన అక్షరాలే చెబుతూ ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లు "సార్, మీ స్క్రీన్ ఎటు పోతోందండీ" అని అడిగేది ఇప్పుడే. మౌస్‌కి మ్యాట్ వేయాలి, టచ్‌ప్యాడ్ ఆపేయాలి, ఎక్కువసేపు టైపింగ్ పని ఉంటే మౌస్ పాయింటర్ టిక్కు తీసేయాలి.

టెక్స్ట్ కర్సర్‌ని తెర మధ్యలో ఉంచాలా, అంచుల లోపల ఉంచాలా అని కూడా అడుగుతాడు. మధ్యలో అంటే ఒక్కో అక్షరానికి తెరంతా జరుగుతుంది. కొందరికి కళ్లు తిరుగుతాయి. అంచుల లోపల అని పెట్టండి. కర్సర్ అంచుకి వచ్చినప్పుడే తెర కదులుతుంది.

నాలుగో పెట్టెలో నేరేటర్ అనే పేరు చూశారు కదా. అది విండోస్ సొంత స్క్రీన్ రీడర్. దాని కర్సర్ ఎక్కడుందో మాగ్నిఫయర్‌కి తెలుసు. ఎన్‌వీడీఏ చదివే చోటు తెలీదు. వెబ్ పేజీలో ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో ఉంటుంది. కింది బాణం నొక్కితే అది కదిపేది తన సొంత కర్సర్‌ని, విండోస్ ఫోకస్‌ని కాదు. కాబట్టి మాగ్నిఫయర్‌కి ఏమీ కదిలినట్టు ఉండదు. రెండూ కలిపి వాడబోయి "పనిచేయట్లేదు" అని వదిలేసేవాళ్లు సాధారణంగా ఇక్కడే వదిలేస్తారు.

దీనికి రెండు మందులు. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్) పట్టుకుని 8 నొక్కితే, లింకులూ బటన్లూ పెట్టెలూ తగిలినప్పుడల్లా విండోస్ ఫోకస్‌ని కూడా వాటి మీదికి లాగుతుంది, తెర వెంట వస్తుంది. ఉత్త పేరాలకి ఫోకస్ ఉండదు కనుక అక్కడ ఇది చెల్లదు. పేరాలో చదువుతున్న చోటు కంటితో చూడాలనిపిస్తే ఎన్‌వీడీఏ కీతో నంబర్ ప్యాడ్‌లోని భాగహారం గుర్తు (/), ల్యాప్‌టాప్ అమరికలో ఎన్‌వీడీఏ, షిఫ్ట్, ఎమ్. మౌస్ పాయింటర్ అక్కడికి దూకుతుంది, దాని వెంట తెరా వస్తుంది. ఇది జరగాలంటే మాగ్నిఫయర్‌లో మౌస్ టిక్కు ఉండాలి, అది మర్చిపోవద్దు. పాయింటర్ పైకి రాగానే విచ్చుకునే మెనూలున్న సైట్లలో మెనూ తెరుచుకుని మన వాక్యాన్ని కప్పేస్తుంది, ఎస్కేప్ కొట్టాలి. మౌస్ కింద ఉన్నది మళ్లీ చదవడం విసుగైతే ఎన్‌వీడీఏ ఎమ్‌తో ఆ చదువుడు ఆపేయొచ్చు.

బ్రౌజ్ మోడ్‌లో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షిక, ఇ నొక్కితే రాసే పెట్టె, బీ బటన్, టీ టేబుల్. పెద్ద తెరలో మౌస్‌తో వెతుక్కునే బాధ వీటితో తీరుతుంది. ఫారం సబ్మిట్ చేశాక ఏమీ జరగనట్టు ఉంటే, పైనెక్కడో ఎర్రక్షరాల్లో తప్పు చూపించి ఉంటాడు. తెర కింది బటన్ దగ్గరే ఉంది కాబట్టి కంటికి ఆనదు. కంట్రోల్ హోమ్ కొట్టి పైనుంచి కింది బాణంతో వినుకుంటూ రావడమే దారి. క్యాప్చా బొమ్మ మాత్రం పూర్తిగా కంటి ఖాతాలోది.

గొంతు తెర మీద ఎక్కడుందో కంటికి చూపించే గీత కూడా ఎన్‌వీడీఏలోనే ఉంది. సెట్టింగ్స్‌లో విజన్ అనే విభాగంలో హైలైట్ ఆన్ చేయాలి. బ్రౌజ్ మోడ్ కర్సర్ చుట్టూ పసుపు పెట్టె, ఫోకస్ చుట్టూ నీలం, నావిగేటర్ ఆబ్జెక్ట్ (ఎన్‌వీడీఏ ఆ క్షణంలో పరికిస్తున్న భాగం) ఒక్కటే విడిగా ఉంటే గులాబీ. పెద్దది చేసిన తెరలో ఆ పసుపు కనబడితే చాలు, చదువుతున్నది అక్కడేనని తెలుస్తుంది. నల్లటి తెర మీద తెల్లక్షరాలు కావాలని మాగ్నిఫయర్‌లో కంట్రోల్ ఆల్ట్ ఐ నొక్కామనుకోండి, మొత్తం రంగులు తిరగబడతాయి. పసుపు గీత నీలం అవుతుంది, నీలం పసుపు అవుతుంది, గులాబీ ఆకుపచ్చ అవుతుంది. ఎన్‌వీడీఏ పుస్తకంలో చదివిన రంగులు నమ్ముకుంటే ఫోకస్‌ని చూసి కర్సర్ అనుకుంటాం. ఫొటోలు కూడా నెగెటివ్‌లాగా మారతాయి. ఎక్కువసేపు నల్ల తెర కావాలంటే విండోస్ కాంట్రాస్ట్ థీమ్ పెట్టుకోవడమే నయం, ఫొటోలూ గీతల రంగులూ వాటి మానాన అవి ఉంటాయి. ఎన్‌వీడీఏలో తెరని పూర్తిగా నలుపు చేసే స్క్రీన్ కర్టెన్ ఉంది కదా, మాగ్నిఫయర్ రంగులు తిప్పి ఉన్నప్పుడు అది ఆన్ కాదు. అది పాడవడం కాదు, రెండూ విండోస్‌లోని ఒకే వసతిని వాడుకుంటాయి.

కీల కొట్లాట ఇంకో పెద్ద సంగతి. మాగ్నిఫయర్‌లో తెరని జరపడానికి కంట్రోల్ ఆల్ట్ బాణాలు. ఎన్‌వీడీఏలో టేబుల్ గడుల మధ్య తిరగడానికీ అవే. రెండూ నడుస్తున్నప్పుడు ఎన్‌వీడీఏ ముందుగా లాగేసుకుంటుంది. బ్రౌజర్లో తెర జరుపుదామని నొక్కితే "టేబుల్ గడిలో లేరు" అని చెప్పి ఊరుకుంటుంది. అప్పటికి ఎన్‌వీడీఏ ఎఫ్2 నొక్కి ఆ తర్వాత కంట్రోల్ ఆల్ట్ బాణం నొక్కితే కీ దాటి మాగ్నిఫయర్‌కి చేరుతుంది. రోజూ ఇలా రెండేసి నొక్కలేం. ఎన్‌వీడీఏ యాడ్ఆన్ స్టోర్‌లో విండోస్ మాగ్నిఫయర్ పేరుతోనే ఒక యాడ్ఆన్ ఉంది. టేబుల్లో లేనప్పుడు మాత్రమే ఆ బాణాలు మాగ్నిఫయర్‌కి వదిలేయమని అందులో చెప్పొచ్చు. జూమ్ శాతం, వ్యూ మారినప్పుడు నోటితో చెబుతుంది కూడా. దాన్ని పెట్టుకోకుండా ఈ రెండూ కలిపి వాడమని నేనెవరికీ చెప్పను.

పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఉన్న కంప్యూటర్లలో ఇంకో తమాషా. అక్కడ కంట్రోల్ ఆల్ట్ కింది బాణం తెరని తలకిందులు చేస్తుంది. కంగారు పడక్కర్లేదు, కంట్రోల్ ఆల్ట్ పై బాణంతో నిలబడుతుంది. ఆ తర్వాత ఇంటెల్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో హాట్ కీలు ఆపేయాలి.

వర్డ్‌లోనూ జాగ్రత్త. మాగ్నిఫయర్ నడుస్తోందనుకుని కంట్రోల్ ఆల్ట్ ఎఫ్ నొక్కితే, అది మూసి ఉన్నప్పుడు వర్డ్ దాన్ని ఫుట్‌నోట్ అనుకుంటుంది. డీ అయితే ఎండ్‌నోట్, ఎమ్ అయితే కామెంట్, ఐ అయితే ప్రింట్ ప్రివ్యూ. పంపిన లెటర్లో ఎక్కడో చిన్న 1 అంకె కనిపించి, అడుగున గీత పడి ఉందంటే కారణం ఇదే. గొంతు చెప్పింది వినకుండా కీ నొక్కడం వల్ల వచ్చే తిప్పలివి.

తెలుగు చదవడానికి వస్తే, ఈ జోడీ విలువ అక్కడే బాగా తెలుస్తుంది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్‌లో తెలుగు గొంతు ఉంది. యంత్రం గొంతే, కానీ వేగంగా చదివినా మాట పోదు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు పదాలనీ చదివేస్తుంది. ఇంగ్లీషు గొంతు మీదే ఉంచి తెలుగు పేజీ తెరిస్తే, భాష సరిగ్గా గుర్తుపెట్టని సైట్లలో తెలుగు మొత్తం దాటేయొచ్చు. పేజీ ఖాళీ అనుకుంటారు. కంటికేమో నిండుగా అక్షరాలు కనిపిస్తుంటాయి. అప్పుడు గొంతు మార్చాలని తెలుస్తుంది.

కంటికి తెలుగు ఇంగ్లీషుకన్నా ఎక్కువ జూమ్ అడుగుతుంది. ఒత్తులు లైను కిందకి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. అంచుల లోపల కర్సర్ పెట్టుకున్నప్పుడు చివరి లైను కింద ఒత్తులు తెర బయటికి పోతాయి. ఒక లైను కిందకి వెళ్లి మళ్లీ పైకి వస్తే కనిపిస్తాయి. ద, ధ చూడండి. తేడా అంతా అడుగున ఉన్న చిన్న గీత. ప, ఫ కూడా అంతే. జూమ్ తక్కువగా ఉండి అక్షరం అంచులు చెదిరితే ఆ గీత కలిసిపోతుంది. ఈస్పీక్ గొంతులోనూ వేగంగా వింటే రెండూ ఒకేలా వినిపిస్తాయి. పేరులో "సుధ" అని ఉందా "సుద" అని ఉందా తేలాలంటే ఆ అక్షరం మీద ఆగి నంబర్ ప్యాడ్ 2 మూడుసార్లు నొక్కండి. అక్షరం సంఖ్య చెబుతుంది. ద అయితే 3110, ధ అయితే 3111. ఆధార్, మార్కుల జాబితా, పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉండాల్సిన చోట ఇది అక్కరకొస్తుంది.

అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్ల సంగతి వేరే. డీటీపీ సెంటర్ల నుంచి వచ్చేవి చాలా ఇలాంటివే. కంటికి చక్కటి తెలుగు, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. గొంతు పిచ్చి కూతలు కూస్తుంది. స్క్రీన్ రీడర్ పాడైందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దు. ఫైల్ని యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి, లేదా చిన్నదైతే మాగ్నిఫయర్‌తో కానిచ్చేయాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఎన్‌వీడీఏ ఆర్ నొక్కితే బొమ్మలోని అక్షరాలని గుర్తుపట్టే విండోస్ ఓసీఆర్ ఇంగ్లీషుని చదివి పెడుతుంది. తెలుగు స్కాన్లకి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌లో తెరవడం మేలు. తప్పులు వస్తాయి. వాటిని అసలు బొమ్మతో సరిచూసుకోవడానికి మళ్లీ కన్నే దిక్కు.

టైప్ చేసేటప్పుడు అక్షరం అక్షరం చెప్పడం ఆపేసి మాట పూర్తయ్యాక చెప్పేలా ఉంచుకోండి. ఎన్‌వీడీఏ 2, ఎన్‌వీడీఏ 3 నొక్కుతూ మార్చుకోవచ్చు. కన్ను అక్షరం చూస్తోంది కదా, చెవి కూడా అదే పని చేయక్కర్లేదు. ఆఫీసులో ఒక చెవికే ఇయర్‌ఫోన్ చాలు. అన్నీ కుదిరాక ఎన్‌వీడీఏ కంట్రోల్ సీ కొట్టి సెట్టింగ్స్ దాచుకోవాలి.

డబ్బు పెట్టగలిగితే జూమ్‌టెక్స్ట్ అనే మాగ్నిఫయర్‌నీ జాస్ అనే స్క్రీన్ రీడర్‌నీ కలిపిన ఫ్యూజన్ ఉంది, డాల్ఫిన్ వాళ్ల సూపర్‌నోవా ఉంది. వాటిలో గొంతూ తెరా ఒకే ప్రోగ్రాము కాబట్టి పైన చెప్పిన బ్రౌజ్ మోడ్ తంటా ఉండదు. ఖరీదు బాగా ఎక్కువ. ఆఫీసు కొనిస్తుందంటే తీసుకోండి. సొంత డబ్బుతో అయితే ముందు ఈ ఉచితం జోడీతో కొన్నాళ్లు పనిచేసి చూడమంటాను.

పాస్‌వర్డ్ కొట్టే తెర దగ్గరే రెండూ ఉండాలంటే విడివిడిగా చెప్పాలి. మాగ్నిఫయర్ సెట్టింగ్స్‌లో సైన్ ఇన్‌కి ముందు మొదలుపెట్టమని ఒక టిక్కు. ఎన్‌వీడీఏ జనరల్ సెట్టింగ్స్‌లో సైన్ ఇన్ సమయంలో వాడమని ఇంకో టిక్కు, కిందే ఇప్పటి సెట్టింగ్స్ అక్కడ కూడా వాడమనే బటన్. ఆ బటన్ నొక్కకపోతే లాగిన్ దగ్గర గొంతు వేరే వేగంతో, వేరే భాషలో పలుకుతుంది. అడ్మిన్ అనుమతి కావాలి, ఆఫీసు కంప్యూటర్ అయితే సిస్టమ్స్ వాళ్లని అడగాల్సిందే.

ద్వారకానగర్‌లో కోచింగ్‌కి వెళ్లే పిల్లలు నెట్ సెంటర్లలో అప్లికేషన్లు పెట్టుకుంటుంటారు. వాళ్లకి పెన్ డ్రైవ్‌లో పోర్టబుల్ ఎన్‌వీడీఏ ఉంటే చాలు, టూల్స్ మెనూలోంచి తయారు చేసుకోవచ్చు. మాగ్నిఫయర్ ఏ విండోస్‌లోనైనా ఉంటుంది. పోర్టబుల్ కాపీ లాగిన్ తెర దగ్గరా, అడ్మిన్ అనుమతి అడిగే పెట్టె దగ్గరా మాట్లాడదు. అక్కడ మాగ్నిఫయర్‌తోనే గట్టెక్కాలి. లేచే ముందు విండోస్ ఎస్కేప్‌తో మాగ్నిఫయర్, ఎన్‌వీడీఏ క్యూతో గొంతు ఆపేసి, తిప్పిన రంగులూ మార్చిన టెక్స్ట్ సైజూ యథాప్రకారం చేసి లేవాలి. లేకపోతే మన తర్వాత కూర్చున్నాయన కంప్యూటర్‌కి వైరస్ పట్టిందని సెంటర్ కుర్రాణ్ణి పట్టుకుంటాడు.